ముల్లు ఇరుక్కునే చోటు

"ఆపండి, ఆపండి!" గాయని చెయ్యెత్తింది. "మీ ముగ్గురూ అక్కడెందుకండీ ఆగిపోతున్నారు?"

"మేం ఆగలేదమ్మా. మీరే ముందుకెళ్ళిపోయారు," అన్నాడు పెద్దకొడుకు. ఇరవై ఏళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసినవాడు. రిటైరైనా గొంతులో బెత్తం ఇంకా దిగలేదు.

తొంభై ఏడేళ్ళు నవ్వుతూ బతికి, నవ్వుతూనే వెళ్ళిపోయిన అమ్మను తలుచుకోవడానికి చుట్టాలూ ఇరుగుపొరుగూ హాలు నిండా చేరారు. అమ్మ ప్రాణం పెట్టుకున్న పాటను గాయని పాడాలి, పిల్లలు ముగ్గురూ గొంతు కలపాలి. ఇంతే కార్యక్రమం. కానీ "మబ్బూ, తొందరెందుకే" అన్న చోటికి వచ్చేసరికి గాయని హాయిగా తరువాతి చరణంలోకి వెళ్ళిపోతోంది. పిల్లలేమో "తొందరెందుకే, తొందరెందుకే, తొందరెందుకే" అని మూడుసార్లు పాడి, ముగ్గురూ ఒకేసారి కాలితో వేదికను దభీమని తన్ని, అప్పుడు కదులుతున్నారు. రెండోసారి తన్నినప్పుడు కీబోర్డు స్టాండు మీంచి జారింది. వాయించేవాడు పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"పాటలో ఆ మాట ఒక్కసారే ఉందండీ. వారం రోజులు విని మరీ నేర్చుకున్నాను," అంది గాయని.

"మా ఇంట్లో మూడుసార్లు ఉంది," అంది కూతురు. నర్సుగా పనిచేసి ఎంతటి మొండి రోగి చేతైనా మందు మింగించిన మనిషి.

"మరి ఆ తన్నడమేమిటి?"

"తన్నకపోతే పాట కదలదండీ," అన్నాడు చిన్నకొడుకు. అతను లారీ మెకానిక్కు. కదలనిదాన్ని తన్నాలన్నది అతనికి కొత్త సంగతేం కాదు. "మా రికార్డు మీద గీత ఉండేది. సరిగ్గా అక్కడ గ్రామఫోను ముల్లు ఇరుక్కునేది. అమ్మ చేతిలో గరిటెతో గెంతుతూనే నేలమీద ఒక్క తన్ను తన్నేది, ముల్లు ఎగిరి ముందుకెళ్ళేది. మేం పాట అలాగే నేర్చుకున్నాం."

గాయని మెత్తబడింది. "అయ్యో! అంత ఇష్టమైన రికార్డు మీద గీత పెట్టిన మహానుభావుడెవరండీ?"

హాలంతా నవ్వింది. వేదిక మీది ముగ్గురూ మాత్రం నవ్వలేదు.

హెడ్మాస్టరు 'తప్పు చేస్తే ఒప్పుకోవాలి' అని ఎంతమందిని బెంచీ ఎక్కించాడో లెక్కలేదు. వాళ్ళలో సగంమంది ఇప్పుడు నాలుగో వరుసలో కూర్చుని ఉన్నారు. చెబితే పరువు గంగపాలు. కానీ అమ్మ బతికుండగా అరవై రెండేళ్ళూ నోరు పెగల్లేదు. ఇవాళ కూడా పెగలకపోతే ఇక ఆ పాట పాడే అర్హత తనకు లేదనిపించింది.

"నేనే," అన్నాడు మైకులో. "రికార్డు ఇంటికొచ్చిన మధ్యాహ్నం, అమ్మ కునుకు తీస్తుంటే, దానిమీద బొంగరం తిప్పాను. సాయంత్రం మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి మొదటిసారి పెట్టింది. ముల్లు ఇరుక్కుంది. అమ్మ ఒక్క మాటైనా అనలేదు, పైగా పకపకా నవ్వింది. అదే నన్ను ఎక్కువ కోసేసింది. పదేళ్ళు అడక్కుండానే ఇంటికి నీళ్ళు మోశాను. నోటితో మాత్రం చెప్పలేకపోయాను."

అతని కళ్ళు నిండాయి. ఎవరైనా ఓదారుస్తారని ఒక్క క్షణం ఆగాడు. చెల్లెలు వచ్చి మైకు లాక్కుంది.

"నువ్వెందుకవుతావన్నయ్యా? అది నేను! నా బొమ్మని దానిమీద నిలబెట్టి డాన్సు చేయించాను. దానికి ఒక కాలు విరిగి ఇనుప చువ్వ బయటికొచ్చి ఉండేది. పెళ్ళయ్యేదాకా రోజూ అమ్మ కాళ్ళు పిసికింది ఎందుకనుకున్నావు?"

"ఇద్దరూ తప్పుకోండి," అని తమ్ముడు అడ్డొచ్చాడు. "నేను దానిమీద బల్లిని ఎక్కించి తిప్పుదామనుకున్నా. అది దిగిపోతుంటే మేకుతో అదిలించా. మేకు జారింది. అన్నేళ్ళు అంట్లు తోమాను. ఏ మగపిల్లాడైనా ఊరికే అంట్లు తోముతాడటే అక్కా?"

హెడ్మాస్టరుకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు గుండెలో దాచుకున్న తప్పుకు ఇప్పుడు వాటాదారులా? "ముందు తిప్పింది నేను!" అన్నాడు. "లోతుగా గీసింది నేను!" అంది చెల్లెలు. ఆస్తి పంపకాలప్పుడు కూడా ఒక్క మాట అనుకోని ముగ్గురూ గీత నాదంటే నాదని మైకు కోసం పెనుగులాడారు. నాలుగో వరుసవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

అంతలో ముందు వరుసలో పిన్ని భుజాలు ఊగిపోవడం కనిపించింది. అమ్మకు చెల్లెలు, తొంభై ఏళ్ళ మనిషి. హెడ్మాస్టరు గబగబా కిందికి దిగాడు.

"ఏడవకు పిన్నీ."

"ఏడుపా, నా మొహమా!" పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. "మీ అమ్మ నాతో ఎప్పుడూ అనేదిరా. 'ఏమిటోనే, నా పిల్లలు ముగ్గురూ ఒక్కరోజులో బుద్ధిమంతులైపోయారు. ఎందుకని అడిగితే ఎక్కడ మానేస్తారో అని అడగడంలేదు' అని."

"అంటే... ఆ గీత ఎవరు పెట్టారో అమ్మకి తెలీదా?"

"తెలీకపోవడమేం? కొన్నప్పుడే ఉందిగా! నేనూ పక్కనే ఉన్నాను. షాపువాడు పెట్టి వినిపించాడు, అక్కడే ఇరుక్కుంది. అతను పాపం నొచ్చుకుని, 'ఇది వద్దమ్మా, మంచిది తీసిస్తాను' అన్నాడు. మీ అమ్మ ఇస్తేనా! దాన్ని గుండెలకి హత్తుకుని, 'వద్దు బాబూ, నాకిదే కావాలి. నాకు నచ్చిన ముక్క ఇందులో మూడుసార్లు వస్తోంది!' అంది."