పటం పట్టుకున్నాయన

చైర్మన్ ఎన్నికకు ముందు అధికార పార్టీ ఎగరేసుకుపోతుందని, ప్రతిపక్ష నాయకుడు రఘుపతి తమ కౌన్సిలర్లందరినీ రిసార్టులో పెట్టి ఫోన్లు గుంజుకున్నాడు. యాదగిరి నర్సన్న దేవుడి పటం తనే పట్టుకుని అందరిచేతా ఒట్టు వేయించాడు.

"అన్న ఎవరికి చెయ్యెత్తమంటే వాళ్లకే ఎత్తుతం."

మొదట పటం మీద చెయ్యి వేసింది మంజులత. జంకినవాళ్లను తనే కసిరింది. "అమ్ముడువోనోళ్లకు ఒట్టంటే భయమెందుకు?"

ఎన్నికనాడు బస్సు మున్సిపల్ ఆఫీసు ముందు ఆగింది. తలుపు తీయనివ్వకుండా రఘుపతి సంచిలోంచి కొత్త కండువాలు తీశాడు. అవి అధికార పార్టీవి.

"గిదేందన్నా?" అంది మంజులత.

"నేను పార్టీ మారిన చెల్లె. మీరు గూడ వాళ్లకే చెయ్యెత్తాలె. ఒట్టు యాదికున్నది కదా?"

బస్సులో అందరి చూపూ మంజులత మీదే ఉంది. ఆ రోజు ఒట్టు వేయనిది పటం పట్టుకున్నాయన ఒక్కడేనని ఆమెకు ఇప్పుడు తట్టింది.