బూరెకు ఆకలైంది

“ఇంకొన్ని రోజులు గిట్లనే ఉంటే చచ్చిపోతది సార్. జర ఏమన్న చెయ్యిన్రి,” అంది నవనీత.

డాక్టర్ శ్రీనివాసులు అక్వేరియం ముందు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి టార్చి వేశాడు. లింగంపల్లిలో కుక్కలకీ పిల్లులకీ వైద్యం చేసే ఆయన చేపల్ని కూడా చూస్తాడని ఎవరో చెబితే, బతిమాలి నార్సింగిలోని తన ఫ్లాట్‌కి రప్పించుకుంది.

నీళ్ల అడుగున, రాయి పక్కన, పిడికెడంత పఫర్ చేప పడి ఉంది. భయమేస్తే బూరెలా ఉబ్బిపోయే జాతి అది. అందుకే దాని పేరు బూరె. ఇప్పుడు దానికి ఉబ్బే ఓపిక కూడా లేదు. పొట్ట లోపలికి పోయింది. ఒంటి మీది పసుపు రంగు మసకబారింది.

“నోరు చూడండమ్మా. పళ్లు పెరిగిపోయి మూసుకుపోయింది. మన గోళ్లలాగా వీటికి పళ్లు పెరుగుతూనే ఉంటాయి. పెంకున్న నత్తల్ని కొరికితేనే అరుగుతాయి. మీరేం పెడుతున్నారు?”

“ఫ్రిజ్‌ల రొయ్యలున్నయి, అవే ఏస్తున్న. నత్తలు మా అమ్మ పెట్టేది. ఏడికెల్లి తెచ్చేదో నాకు తెల్వదు.”

“అయితే అమ్మగారినే అడగండి.”

“అమ్మ లేదు సార్. పోయిన నెల గుండెపోటొచ్చి చనిపోయింది.”

డాక్టరు చిన్న గిన్నెలో నీళ్లు తీసుకుని లవంగ నూనె చుక్కలు కలిపాడు. బూరె అందులో మత్తుగా పక్కకి ఒరిగింది. సన్నటి కత్తెరతో దాని పళ్లు కత్తిరించి మళ్లీ అక్వేరియంలో వదిలాడు. “నోరు తెరుచుకుంది. ఇక తినడం దాని ఇష్టం,” అన్నాడు వెళ్తూ.

నవనీత చేపల దుకాణానికి పోయి నత్తలు తెచ్చింది. ఒక్కొక్కటే వేసింది. బూరె ముట్టలేదు. దాని కళ్లు రెండూ ఒకే వైపు చూడవు, దేనికదే తిరుగుతుంది. ఒక కన్ను నవనీతను చూస్తోంది. రెండో కన్ను అక్వేరియం పక్కనున్న కుర్చీని చూస్తోంది. అమ్మ కూర్చునే కుర్చీ. అది ఖాళీగానే ఉంది.

నవనీత లేచి కుర్చీని ఇటు పక్కకి జరిపింది. బూరె కన్ను కూడా మెల్లగా ఇటు తిరిగింది.

వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది.

“ఈ చేపలు మనుషుల్ని గుర్తుపడతాయమ్మా,” అన్నాడాయన. “తినిపించిన చెయ్యి కోసం చూస్తున్నట్టుంది.”

“ఆ చెయ్యిని మేమే కాలవెట్టొచ్చినం సార్,” అంది నవనీత.

అదే వారం అమ్మ మాసికం. ఊరికి పోవాలంటే నవనీతకు మనసొప్పడం లేదు.

“చేప కోసం అమ్మ మాసికానికి రావా ఏందే అక్కా?” ఫోన్లో కసురుకున్నాడు తమ్ముడు సురేష్.

“అమ్మ పెంచిన పానంరా అది. నేనటొచ్చినంక అది సచ్చిపోతే?”

“ఎవల్కన్న అప్పజెప్పి రా.”

ఎదురు ఫ్లాట్‌లోకి ఈమధ్యే రాజమండ్రి నుంచి స్వాతి వాళ్లు వచ్చారు. నవనీత ఆమెకు తాళంచెవి ఇచ్చి, గిన్నెలో పెట్టిన నత్తల్ని రోజూ చేపకి వేయమని, తనకు ఊళ్లో పనుందని మాత్రం చెప్పింది. అమ్మ సంగతి ఎత్తలేదు.

“నాకు చేపలంటే కొంచెం భయమండి,” అంది స్వాతి. “అయినా చూస్తాలెండి. మీరు నిశ్చింతగా వెళ్లిరండి.”

మర్నాడు సాయంత్రం, ఊళ్లో మాసికానికి పెట్టాల్సినవి సురేష్ సర్దుతుండగా, నవనీత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ‘బూరె ఇవాళ ఒక నత్త తిన్నదండి.’

నవనీత కళ్లు తుడుచుకుని మళ్లీ చదివింది. చేప పేరు బూరె అని స్వాతికి ఎప్పుడు చెప్పిందో గుర్తుకు రాలేదు. తర్వాతి రోజు ఇంకో మెసేజ్. ‘గిన్నెలో ఉన్నవన్నీ తినేసిందండి. ఇంకా కావాలని అద్దాన్ని గుద్దుతోందట.’

ఊరి నుంచి తిరిగొచ్చి తలుపు తీయగానే, చెప్పులు కూడా విప్పకుండా అక్వేరియం దగ్గరికి పరుగెత్తింది. బూరె పొట్ట గుండ్రంగా ఉంది. పసుపు రంగు మెరుస్తోంది. నవనీతను చూసి తోక ఊపుతూ అద్దం మీదికి వచ్చింది. అడుగున ఇసుక మీద పగిలిన నత్తగుల్లలు కుప్పగా పడి ఉన్నాయి. ఆమె నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. తలుపు వేయకుండానే ఎదురింటికి పోయి బెల్ కొట్టింది. స్వాతి బయటికి రాగానే రెండు చేతులూ పట్టుకుంది.

“మీ మేలు మర్చిపోనండి. నేనెంత బతిమాలినా తినలే. మీరెట్ల తినిపిచ్చిన్రు?”

“అయ్యో, నేనేం చేశానండీ? మీ ఇంట్లోకి నేను అడుగే పెట్టలేదు.”

“మరి ఆ మెసేజ్‌లు?”

“ఆవిడ పంపమంటే పంపానండి. తనకి ఫోన్ వాడటం రాదట కదా. ఇంట్లో మనిషి ఉన్నారని మీరు ముందే చెప్పొద్దూ? నేను తాళం తీయబోతుంటే లోపల్నుంచి తలుపు తెరిచి, ‘నేను చూస్కుంట తియ్యి’ అన్నారు. హడలిపోయాననుకోండి.”

నవనీత ఆమె చేతులు వదిలేసింది. “ఎవరు?”

స్వాతి ఆమె భుజం మీదుగా, తెరిచి ఉన్న ఎదురింటి తలుపు వైపు చూసి నవ్వింది. “భలేవారండీ! అదిగో, మీ అమ్మగారే వస్తున్నారు, అడగండి.”