గురువారం గొంతులు

"ఆయన్ని మైకుకి కాస్త దూరంగా నిలబడమనరా తమ్ముడూ. ఆ అరుపులు ఇంట్లో విన్నవే చాలు."

"పేజీలు చప్పుడు కాకుండా తిప్పమనవోయ్ మీ అక్కని. ఆ విసురంతా కోర్టుతోనే తీరిపోయిందనుకున్నాను."

గాజుగోడకి అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు రెండు మాటలూ విన్నాడు. రెండూ మింగేశాడు. ఆవిడకి సొంత తమ్ముడు. ఆయనకి నిన్నమొన్నటి బావమరిది. ఇంకా బావేంటని ఆయన ఒకసారి కసిరాడు. "విడాకులిచ్చింది మా అక్కకి. నాకేం కాగితం రాలేదే బావా!" అన్నాడు.

ఇద్దరూ డబ్బింగ్ చెబుతారు. ఎక్కడో తీసిన సీరియల్లో మొగుడికి ఆయన గొంతు, పెళ్ళానికి ఆవిడ గొంతు. అసలు సంసారం పెటాకులైంది. ఈ అరువు సంసారం మాత్రం నడుస్తోంది.

నడవాలి. పిల్ల కోసం.

పిల్లకి పదిహేనేళ్ళు. విడాకులొచ్చిన రోజు నుంచి నోరు కుట్టేసుకుంది. అమ్మ ఇంట్లో ఒక వారం, నాన్న ఇంట్లో ఒక వారం. ఎక్కడా కడుపునిండా తినదు. లెక్కల్లో అందరికన్నా ముందుండేది, పరీక్షలో ఖాళీ కాగితం ఇచ్చి వచ్చేసింది. "వారానికో గంట మీ ఇద్దర్నీ ఒకేచోట చూడనివ్వండి. పోట్లాట లేకుండా. లేకపోతే పిల్ల మీకు దక్కదు" అంది డాక్టరు.

చెప్పడానికేం? పార్కుకి వెళ్తే ఎండలో బెంచీయా, నీడలో బెంచీయా అని పోట్లాట. హోటలుకి వెళ్తే మెనూ దాటి ముందుకు పోలేదు. పిల్ల ఇద్దర్నీ అక్కడే వదిలేసి నడిచి వచ్చేసింది.

ఉపాయం గాజుగోడ వెనకున్న ఆ మావయ్యకే తట్టింది. అంతవరకూ ఎవరి వంతు వాళ్ళు విడిగా వచ్చి చెప్పిపోయేవాళ్ళు. అలాంటిది గురువారం గురువారం ఇద్దర్నీ ఒకే గదిలోకి తోశాడు. చేతిలో కాగితం ఉంటే వాళ్ళు పోట్లాడరు. రాసింది రాసినట్టు చెప్పడమే వాళ్ళ బతుకు. పిల్ల బడి నుంచి తిన్నగా వచ్చి, మావయ్య పక్కన హోంవర్క్ పరుచుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటుంది. ఈమధ్య నవ్వుతోంది. మావయ్య దాచుకున్న బిస్కెట్లు కూడా ఊదేస్తోంది.

ఆయనకి సీరియలే మింగుడుపడటం లేదు.

"ఏమోయ్, ఏమొచ్చింది ఈ రచయితకి? మొదట్లో వాడు పళ్ళాలు విసిరేవాడు, అది కాఫీలో విషం కలిపేది. గొంతు చించుకుని చెప్పేవాణ్ణి. ఇప్పుడేంటిది? 'కాళ్ళు నొప్పిగా ఉన్నాయా?' అంటాడు. 'కొంచెం' అంటుంది. 'కూర్చో, టీ నేను పెడతాను' అంటాడు. ఎవరు చూస్తారయ్యా దీన్ని?"

"చూసేవాళ్ళు చూస్తున్నారు బావా."

"ఆ తెర ఎప్పుడు బాగుచేయిస్తావు? బొమ్మ లేకుండా పెదాలెలా కలుస్తాయి?"

"పెదాల గొడవ నాకు వదిలెయ్యండి. మీరు చదివెయ్యండి."

ఇంటికెళ్ళి టీవీలో చూసుకోవచ్చు. కానీ అరువిచ్చిన గొంతుని మళ్ళీ తనే వినేంత ఓపిక ఆయనకి లేదు. ఆవిడకి ఓపికుంది, టీవీ లేదు. పంపకాల్లో అది ఆయనకి పోయింది.

ఆ గురువారం ఆవిడ చెప్పులు విప్పకుండానే బాంబు పేల్చింది.

"తమ్ముడూ, వచ్చే వారం నుంచి నేను రాను. గురువారాలు ఇంకో సీరియల్ ఒప్పుకున్నాను. దీనికి వేరే గొంతు చూసుకో."

గాజుకి అవతల పిల్ల పెన్ను ఆగిపోయింది. తల ఎత్తింది. ఆ ముఖం ఆయనకి తెలుసు. హోటల్లోంచి లేచి వెళ్ళిపోయిన ముఖం.

ఏదో ఒకటి అనాలి. ఆవిడ వైపు తిరిగాడు. నెలల తర్వాత, నేరుగా.

"అసలు నీకు పిల్లంటే..."

"ఊఁ, పిల్లంటే? చెప్పండి. దానికి జ్వరమొచ్చినప్పుడు ఎక్కడున్నారు తమరు?"

"గుమ్మం బయట! తాళం మార్చింది ఎవరో గుర్తులేదా?"

అంతే. ఆయనకి సొంత మాటలు రావు. వస్తే ఇలాంటివే వస్తాయి.

"బావా! అక్కా! ఒక్క నిమిషం." మావయ్య గొంతు. "సీను మార్చారట. కొత్త పేజీ వస్తోంది. కాసేపు ఊపిరి పీల్చుకోండి."

ఇద్దరూ చెరో గోడనీ చూస్తూ ఊపిరి పీల్చుకున్నారు. మావయ్య పేజీ తెచ్చి చెరో కాపీ చేతిలో పెట్టాడు. ఎర్ర దీపం వెలిగింది.

ఆయన చదివాడు.

"నాకు అడగడం చేతకాదు. ఎప్పుడూ చేతకాలేదు. అయినా అడుగుతున్నాను. వెళ్ళకు. నా కోసం కాదు. మనకి మిగిలింది ఈ ఒక్క రోజే. ఇది కూడా తీసుకుపోకు."

చివర్లో గొంతు జీరబోయింది. ఇంకోసారి చెబుతానని అనబోయి మానేశాడు.

ఆవిడ కాగితంలో 'కాస్త ఆలోచించి' అని ఉంది. ఆవిడ కాస్త కాదు, చాలాసేపే ఆలోచించింది.

"సరే" అంది.

కాగితంలో అంతవరకే ఉంది. ఆవిడ మాత్రం గాజు వైపు తిరిగి, "గురువారాలు కుదరవని వాళ్ళకి చెప్పేసి వస్తానురా" అని, ఫోను తీసుకుని బయటికి నడిచింది.

ఆయన హెడ్‌ఫోన్లు తియ్యబోయాడు. అవతల బావమరిది మైకు ఆపడం మరిచిపోయినట్టున్నాడు. పిల్ల గొంతు చెవిలో గలగలమంది.

"సీరియల్ ఆగిపోయి మూడు నెలలైనా వీళ్ళిద్దరూ కనిపెట్టలేదంటే మావయ్యా, నేను నిజంగానే బాగా రాస్తున్నట్టే కదూ!"