బదులిచ్చిన మఠం

తెల్లారితే కౌంటీ ఆఫీసు వాళ్ళు మా పాత మఠానికి తాళం వేస్తారట. ఇక్కడెవరూ ప్రార్థన చెయ్యడం లేదట! ఇంగ్లీషు సైన్యం కప్పు తగలబెట్టి మూడు శతాబ్దాలు దాటినా, మా ఐరిష్ పల్లె తన వాళ్ళందరినీ ఈ మొండిగోడల మధ్యే పూడ్చుకుంది. రాత్రంతా అడ్డంగా కూర్చుంటామని నలభై మంది మాటిచ్చారు. వచ్చింది ఇద్దరం: నేనూ, భర్తను ఇక్కడే పూడ్చుకున్న గోబ్నెట్ పెద్దమ్మా.

"మిగతా వీరులు ఏరిరా ఫింటన్?"

"సారాకొట్లో ఉద్యమం నడుపుతున్నారు పెద్దమ్మా."

ఆమె నవ్వి జపమాల తీసింది. ఒకరు సగం ప్రార్థన చెబితే తక్కినవాళ్ళు మిగతా సగం అందుకోవాలి. ఆమె తన సగం చెప్పి ఆగింది. నా నోట్లో రొట్టె ముక్క ఉంది. అది మింగేలోపే అవతలి గోడ పక్కనుంచి బదులు వచ్చింది. ఒక్క గొంతు కాదు.

పాట మోగాలని ఆనాటి సన్యాసులు గోడల్లో ఖాళీ కుండలు పొదిగారు. కానీ కుండలు మనమన్న మాటే తిరిగి అంటాయి. ఆ మిగతా సగం మా ఇద్దరిలో ఇంకా ఎవరూ అనలేదు.

ఆమె శాలువా పట్టి లాగాను. "పోదాం పెద్దమ్మా."

"ఎందుకురా? జనం రాలేదని ఏడ్చావుగా!" అంటూ ఆమె మేం కూర్చున్న రాతిబల్ల చివరికి జరిగింది. "నువ్వూ జరుగు. వాళ్ళని కూర్చోనీ."

జరిగాను.