చీటీ ఉంటేనే

“ఒక్క సిరంజి ఇయ్యండి బాబూ. సూదితో ఉన్నది.”

మందుల కొట్టు నరసింగరావు కళ్ళజోడు పైనుంచి చూశాడు. పాతికేళ్ళ మనిషి. జ్వరంతో కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చేతులు రెండూ కొంగులో దాచుకుని నిలబడింది.

“డాక్టరు చీటీ ఏదీ?”

“తేలేదు బాబూ.”

“చీటీ లేనిదే సిరంజి లేదు. బోర్డు కనపడతన్నాదా?”

ఆమదాలవలస స్టేషను రోడ్డులో మందుల కొట్లన్నిటికీ నెల రోజులుగా అదే బోర్డు. పట్టాల పక్క తుప్పల్లో వాడేసిన సిరంజిలు దొరికాయి. మత్తు కుర్రాళ్ళ పనేనన్నారు. కొట్లవాళ్ళంతా కూర్చుని కట్టడి చేసుకున్నారు. నరసింగరావు చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే ఆ సిరంజి అమ్మేసి ఊరుకునేవాడు, ఈ కథే ఉండేది కాదు.

“అయిదు రోజులు సూదులు రాసినారు బాబూ. మందు నాకాడే ఉన్నాది. ఏటి అవతల మా ఊర్లో ఆరెంపీ హరిబాబు పొడుస్తాడు. ఆయనకాడ ఒకటే సూది, అందరికీ అదే. రోజుకొక్కపాలి, రేత్రి ఉడకబెడతాడు.”

“హరిబాబు నాకు తెలీదేటి? అది మా అత్తోరి ఊరు. ముప్పై ఏళ్ళుగా మా అత్త ఆయన సేతే పొడిపించుకుంటన్నాది. ఊరందరికీ పనికొచ్చిన సూది నీకు పనికిరాలేదా? జమీందారు బిడ్డవా?”

“భయమేస్తాది బాబూ.”

“భయమైతే చీటీ పట్రా.”

ఆమె ఏదో చెప్పబోయింది. వెనకాల ఇద్దరు నిలబడి వింటున్నారు. మెట్లు దిగిపోయింది. అవతల మూడు కొట్లు ఎక్కి దిగడం నరసింగరావుకి కనిపిస్తూనే ఉంది. ఎక్కడా దొరకలేదు. తమ కట్టడి గట్టిగానే నిలబడిందని సంతోషించాడు.

సాయంత్రం ఫోను మోగింది. ఎనిమిదేళ్ళ కూతురు సుహాసిని, సెలవులకి వెళ్ళిన అమ్మమ్మగారి ఊరి నుంచి.

“నాన్నా, నాకు జొరం. హరిబాబు తాత సూది పొడిసాడు. నాను ఏడవనేదు.”

నరసింగరావు చేతిలో మాత్రల అట్ట కింద పడింది.

“కొత్త సూదేనా అమ్మా?”

“ఏమో. గిన్నిలో ఉన్నాది.”

పొద్దున్న ఊరందరికీ పనికొచ్చిన సూది, సాయంత్రం కూతురి దగ్గరికి వచ్చేసరికి విషమైపోయింది. ఇవాళ ఎంతమందిని పొడిచిందో. ఎవరి ఒంట్లో ఏముందో.

“నీకు ముందు ఎవరికి పొడిసాడు?”

“ఒక అక్కకి. సానా మంచిది నాన్నా. వచ్చినోలందరినీ మీరు ముందెల్లండి, మీరు ముందెల్లండని పంపించీసినాది. నన్నూ ఎల్లమన్నాది. నాను అమ్మమ్మ ఎనకాల దాగిపోనాను. అమ్మమ్మేమో, ‘నువ్వే ముందు పొడిపించుకోమ్మా, నిన్ను సూసి దీనికి భయం పోతాది’ అన్నాది. అక్క ఒద్దొద్దన్నాది. తాత కసిరీసి పొడిసీసినాడు.”

“ఎవరా అక్క?”

“తెల్దు. ఆమదాలవలసంతా తిరిగినా సిరంజి దొరకనేదని తాతకి సెప్పినాది.”

నరసింగరావు ఊపిరి పీల్చుకున్నాడు. పొద్దున్న వచ్చిన మనిషే. ఇంకొకరిని పొడిచిన సూదంటేనే అంత భయపడే మనిషి. అంత శుభ్రం పాటించే మనిషి తర్వాతే తన కూతురికి పొడిచారు. నయమే అనుకున్నాడు. ఆమెతో వెటకారమాడినందుకు మనసు నొచ్చుకుంది కూడా. రేపు కొట్టు తెరిచి, ఆమె మళ్ళీ వస్తే సిరంజి ఇచ్చి, అటునుంచే వెళ్ళి పిల్లని తెచ్చేసుకోవాలి.

మర్నాడు తాళం తీసేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది.

నరసింగరావు అడక్కముందే సిరంజి తీసి బల్ల మీద పెట్టాడు.

“పట్టుకెల్లమ్మా. చీటీ అక్కర్లేదులే. నీ భయం ఏటో నాకు నిన్న సాయంత్రం తెలిసొచ్చింది. అదే సూది మా పాపకీ పొడిసేసినారు.”

ఆమె సిరంజి ముట్టుకోలేదు.

“పచ్చ గౌనేసుకున్న పాప... మీ పాపా?”

“అవునమ్మా. నీ ఎనకాలే పొడిపించుకుంది. నీ గురించి ఒకటే కబుర్లు.”

ఆమె రవికలోంచి నాలుగు మడతల చీటీ తీసింది. శ్రీకాకుళం పెద్దాసుపత్రిది. దాన్ని సిరంజి పక్కన పెట్టింది.

“ఊరోల జబ్బు నాకంటుకుంటాదని కాదు బాబూ, నా నెత్తుర్లో ఉన్న జబ్బు ఇంకెవులికీ అంటుకోకూడదనే నిన్న ఆ సిరంజి అడిగినాను.”