ఇద్దరి దిబ్బ

సముద్రంలో ఇసుక మేటవేసి ఏర్పడిన ఆ దిబ్బ తమదేనని రెండు దేశాలూ అనేవి. తేల్చేవి మాత్రం కావు. దిగితే గొడవని, రెండింటి డ్రోన్లూ బియ్యం మూటలను పైనుంచే జారవిడిచేవి. దిబ్బ ఎవరిదని ఏ దేశం డ్రోను అడిగినా, అక్కడ చేపలు పట్టుకు బతికే దానేసు, అతని పెళ్ళాం నూకాలు దానితో "మీదే బాబూ" అనేవారు.

ఓ ఉదయం వల విదిలిస్తుంటే సముద్రపు పాము దానేసును కరిచింది. నూకాలు రెండు దేశాలనూ పిలిచింది. రెండు అంబులెన్సు డ్రోన్లు వచ్చి గాలిలోనే ఆగాయి.

"మీ బాధను గమనించాం. దిగడంపై అవతలి పక్షాన్ని సంప్రదిస్తున్నాం," అన్నాయి.

"మీదే బాబూ, ఈ దిబ్బ మీదే! దిగండి!" నూకాలు అరిచింది.

ఆ మాట రెండూ విన్నాయి. రెండూ ఇంకాస్త పైకి లేచాయి.

"ఒక్కలి పేరే సెప్పుంటే బతికీవోడివి మామా," అని చల్లబడిన చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు రెండు వైపుల నుంచీ బియ్యం వేళకే పడింది.