నొప్పికి గడి లేదు

టైమర్ మోగడానికి ఇంకా కాసేపే ఉంది. ఎవర్ని తీసుకోవాలో గ్లెన్ తేల్చుకోలేదు.

"కానివ్వరా. గుడ్డు ఉడికి రాయైపోతోంది," అన్నాడు లోనీ.

కోడిపెట్ట ఆకారంలో ఉన్న వంటింటి టైమర్ అది. లోనీ ఏటా అయోవా నుంచి దాన్ని మోసుకొస్తాడు.

మార్చిలో బేస్‌బాల్ జట్లు ఫ్లోరిడాలో సాధన చేస్తాయి. ఈ పదిమంది మిత్రులూ అదే సమయానికి అక్కడికి వచ్చి, నీటి ఒడ్డున చేపల హోటల్లో బల్లలు కలిపి కూర్చుంటారు. ఆటగాళ్లను వంతులవారీగా పంచుకుంటారు. జట్లు కాగితం మీదే. మైదానంలో ఆటగాడు ఏం చేసినా ఆ అంకెలు వీళ్ల ఖాతాలో పడతాయి.

రెండేళ్లు వరసగా ఆఖరున నిలిచినవాడు తన కుర్చీ ఖాళీ చేసి లీగ్ వదిలి పోవాలి. ఆ నియమం పెట్టింది గ్లెన్. నిరుడు ఆఖరున నిలిచిందీ గ్లెన్.

భార్య పోయాక అతనికి మిగిలింది ఈ తొమ్మిదిమందే.

అతని ముందు కాగితం మీద గుర్తు పెట్టిన వరసలు రెండున్నాయి. ఇద్దరూ పిచ్చర్లు, బంతి విసిరేవాళ్లు. పేర్లు కనబడకుండా బీరు గ్లాసు కింది అట్టముక్కతో కప్పాడు.

"పేరు చూస్తే మోజు పుడుతుంది. అంకెలు చాలు," అంటాడు ఏటా.

పక్క బల్ల దగ్గర ఒకతను ఒంటరిగా చేప తింటున్నాడు. ముప్పై దాటి ఉంటాయి. ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని ముక్క విరవడానికి అవస్థ పడుతున్నాడు.

"ఎడమచేతి వాటమా తమ్ముడూ?" అని అడిగాడు గ్లెన్.

"ఈమధ్యే, సార్."

"సరే, నువ్వు చెప్పు. నీకు వీళ్లెవరో తెలీదు, అదే మంచిది. పై వరసా, కింది వరసా?"

అతను కాగితం వైపు వంగాడు. ఎక్కువసేపు చూడలేదు.

"పై వరసవాణ్ని వదిలెయ్యండి."

"వదిలెయ్యాలా? ఈ కాగితం మొత్తంలో వీణ్ని మించినవాడు లేడు!"

"మూడేళ్లుగా ఏటా రెండొందల ఇన్నింగ్స్ విసిరాడు."

"అదేగా గొప్ప. ఒక్క వంతూ తప్పలేదు."

"అందుకే చెబుతున్నాను."

గ్లెన్ లోనీ వైపు తిరిగాడు. "వీణ్ని నువ్వు పంపావా?"

"నేను పంపితే అందమైనదాన్ని పంపేవాణ్ని," అన్నాడు లోనీ.

అతను ఫోర్కు పక్కన పెట్టాడు. "మోచెయ్యి నొప్పిగా ఉంటే?"

"ఎవరికి?"

"ఆ పై వరసవాడికి."

గ్లెన్ కాగితం మీద వేలు జరిపాడు. "చూడు. గెలుపులు, స్ట్రైకౌట్లు, ఇన్నింగ్స్. నొప్పికి గడి లేదు."

బల్లంతా నవ్వింది. అతను కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

"వాడే నోరు విప్పి చెబితే? ఈ ఏడు ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో కూర్చుంటానంటే?"

"నా కొంప మునుగుతుంది. ఈసారీ ఆఖరున నిలిస్తే ఈ కుర్చీ పోతుంది. బతుకంతా పైపులు మోశాను తమ్ముడూ. నొప్పి లేని రోజేది? కోట్లు తీసుకునేవాడు విసరాలి మరి."

"చెయ్యి పోతే?"

"సీజన్ అయ్యాక పోనీ," అన్నాడు లోనీ. మళ్లీ నవ్వులు.

టైమర్ మోగింది.

గ్లెన్ అట్టముక్క ఎత్తాడు. కింది వరస టై వోసెన్. పై వరస నేట్ హాలరన్.

"హాలరన్!" అని అరిచాడు.

పక్క బల్ల అతను లేచాడు. కుడిచేయి జేబులోంచి తియ్యలేదు.

"మీ కుర్చీ మీకు దక్కాలి సార్," అని మెట్లు దిగి వెళ్లాడు.

"దిష్టి పెట్టి పోయాడురా," అన్నాడు లోనీ. "ఇక పంపు."

మొదట ఎంచుకున్న ఆటగాడికి సందేశం పంపడం వాళ్ల ఆనవాయితీ. ఎవరూ జవాబివ్వరు. గ్లెన్ ఫోన్ తీసి సోషల్ మీడియాలో హాలరన్ పేరు వెతికి టైపు చేశాడు.

"ఈ ఏడు నా కుర్చీ నీ చేతిలో ఉంది. నొప్పీ గిప్పీ అన్నావో, ఊరుకోను."

పైకి చదివి, "గట్టిగా ఉందా?" అని అడిగాడు.

"బాగుంది. పంపెయ్."

పంపాడు.

కింద కార్ల దగ్గర ఆ చేప తిన్న మనిషి తలుపు తియ్యబోయి ఆగాడు. ఫోన్ చూసుకున్నాడు. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"పెళ్లాం తిట్టినట్టుంది," అన్నాడు లోనీ.

టైమర్ మళ్లీ తిప్పారు.

ఏప్రిల్లో సీజన్ మొదలైంది. అయోవాలో, వాళ్ల ఊళ్లో, ఇంకా మంచు కరగలేదు. గ్లెన్ వంటింట్లో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు. అతను ఆట చూడడు. అంకెలు చూస్తాడు.

హాలరన్ వరసలో అంకెలు పెరుగుతున్నాయి. ఒక బ్యాటర్ ఔట్, స్ట్రైకౌట్. ఇంకొకటి. ఇంకొకటి.

"కుర్చీ దక్కింది," అనుకున్నాడు పైకే.

అయిదో ఇన్నింగ్స్‌లో అంకెలు ఆగాయి.

గ్లెన్ తెరను కిందికి లాగి వదిలాడు. మారలేదు. మళ్లీ లాగాడు.

లోనీ ఫోన్ చేశాడు. నవ్వడం లేదు.

"టీవీ పెట్టు."

"ఏమైంది?"

"పెట్టరా."

టీవీలో మైదానం నిశ్శబ్దంగా ఉంది. జనం లేచి నిలబడి ఉన్నారు. మధ్యలో మట్టిదిబ్బ మీద పిచ్చర్ మోకాళ్ల మీద ఉన్నాడు. అతని కుడిచేయి పక్కన వేలాడుతోంది. డాక్టర్ పరుగెత్తుకొస్తున్నాడు.

"విరిగిన చప్పుడు మైకులో వినబడింది," అన్నాడు లోనీ.

కెమెరా దగ్గరికి వెళ్లింది.

ఎడమచేత్తో టోపీ తీసి నుదురు తుడుచుకుని, ఆ రోజు హోటల్లో ఆలస్యంగా నవ్విన మనిషి తలెత్తాడు.